పచ్చబొట్టూ, పాటకచేరీ

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు చేతిమీద పచ్చబొట్టు వేయించుకుంటే వాళ్ళ సంగీత భవిష్యత్తు దెబ్బతింటుందా? ఈ ప్రశ్న ఈ రెండు మూడేళ్ళలో మన బర్ దుబాయ్, కరామా ఇళ్ళలో పలుమార్లు విన్నాము. మొదట ఇది చర్చించదగ్గ విషయమేనా అనిపించింది. ఆలోచించినకొద్దీ ఇందులో చర్మం సంగతి తక్కువ, మన సంగతి ఎక్కువ అని తేలింది. అంచేత పాఠకుల ముందు పెడుతున్నాము. మేము వైద్యులమే గాని సంగీత విద్వాంసులం కాము. వినికిడి జ్ఞానం తప్ప మాకు వేరే అర్హత లేదని ముందే మనవి.

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. పేరు అక్కర్లేదు, ఇలాంటి కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. ఏడో ఏట సరళీ స్వరాలతో మొదలుపెట్టి పన్నెండేళ్ళుగా పాడుతోంది. వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళి, కుడిచేతి మణికట్టు లోపలివైపు రూపాయి కాసంత తంబూరా బొమ్మ పొడిపించుకుని వచ్చింది. కుడిచెయ్యి అంటే తాళం వేసే చెయ్యి. ఆదితాళంలో ఆవర్తనానికి రెండుసార్లు చెయ్యి తిరగేయాలి గదా, ఆ రెండుసార్లూ బొమ్మ సభకు కనబడుతుంది. వాళ్ళ టీచరు గారు కోప్పడలేదు. "తప్పని నేననను తల్లీ. కాని డిసెంబరులో మద్రాసులో పాడాలని గదా నీ కోరిక. అక్కడ ముందు నీ చెయ్యి చూస్తారు, తర్వాతే నీ పాట వింటారు" అన్నారట. తల్లి గారు కంగారుగా మా దగ్గరికి వచ్చి అడిగింది ఒక్కటే: "డాక్టరు గారూ, డిసెంబరులోగా దీన్ని లేజరుతో తీసేయించగలమా?"

వైద్యులుగా దానికి జవాబు సులభం. తీసేయలేం. పచ్చబొట్టు సూది సిరాను పై చర్మంలో వదలదు; దాని కిందనున్న డెర్మిస్ అనే పొరలోకి దింపుతుంది. అక్కడ ఒంటిని కాపాడే కణాలు ఆ సిరా రేణువులను మింగి కూర్చుంటాయి. ఆ కణం చచ్చిపోతే రేణువు బయటపడుతుంది, పక్కనున్న ఇంకో కణం మళ్ళీ దాన్ని మింగుతుంది. ఎలుకలపై చేసిన పరిశోధనలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ సంగతి 2018లో చూపించారు. అంటే పచ్చబొట్టు చెరగకపోవడానికి కారణం అది కదలకుండా పడి ఉండడం కాదు. ఒళ్ళు దాన్ని తరం నుంచి తరానికి అందించుకుంటూ పోవడం. లేజరు ఆ రేణువులను పొడి చేస్తుంది, తర్వాత ఒళ్ళు మెల్లమెల్లగా ఆ పొడిని మోసుకుపోతుంది. ఒకసారితో అయ్యే పని కాదు. ఆరు మొదలు పది సార్లదాకా పట్టవచ్చు, ఒక్కోసారికీ నడుమ ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం ఉండాలి. మన చామనచాయ ఒంటిమీద తెల్లమచ్చ మిగిలే ప్రమాదమూ ఉంది. తొందరపడితే తంబూరా పోయి మచ్చ మిగులుతుంది.

ఈ జవాబు చెప్పి పంపించాము గాని, ఆమె అడిగిన ప్రశ్న వెనక ఇంకా మూడు ప్రశ్నలు ఉన్నాయనిపించింది. ఒకటి: పచ్చబొట్టు వల్ల నిజంగా అవకాశాలు తగ్గుతాయా? రెండు: తగ్గితే అది న్యాయమేనా? మూడు: న్యాయం కాకపోతే ఎవరు ఏం చెయ్యాలి? మన ఇళ్ళలో మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే మిగతా రెండూ మూతపడిపోతాయి. "లోకం ఒప్పుకోదు" అనగానే మాట అయిపోతుంది. మూడింటినీ విడివిడిగా చూడడం మంచిది.

మొదటిదానికి నిజాయితీగా చెప్పవలసిన జవాబు, తగ్గవచ్చు అనే. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మనం ఉన్న ఈ ఊళ్ళోనే ఎమిరేట్స్ విమానసంస్థ, క్యాబిన్ ఉద్యోగులకు యూనిఫాంలో ఉండగా పచ్చబొట్టు కనబడకూడదని అర్హతల జాబితాలోనే పెట్టింది. భారత సైన్యంలో చేరేవారికి మోచేతి నుంచి మణికట్టుదాకా లోపలివైపూ, అరచేతి వెనకవైపూ తప్ప మిగతా చోట్ల శాశ్వతమైన పచ్చబొట్టు కూడదు. గిరిజనులకు మాత్రం వాళ్ళ ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. ఇవి రాసిపెట్టిన నిబంధనలు. ఇష్టముంటే ఒప్పుకోవచ్చు, లేకపోతే వాదించవచ్చు. కర్ణాటక సంగీత సభలకు అలాంటి కాగితం ఏదీ మా కంటబడలేదు. ఉన్నదల్లా ఒక చూపు, ఒక మౌనం, తర్వాత రాని ఉత్తరం. కాగితంమీద ఉన్న అడ్డంకిని దాటవచ్చు. లేని అడ్డంకిని ఎలా దాటడం? పాట బాగాలేక పిలవలేదా, చెయ్యి బాగాలేక పిలవలేదా అన్నది ఆ పిల్లకు ఎన్నటికీ తెలియదు. శిక్ష కంటే ఈ తెలియకపోవడమే ఎక్కువ బాధపెడుతుంది.

ఇక రెండో ప్రశ్న. "మన సంప్రదాయంలో లేదు" అనే మాట ముందుగా వస్తుంది. ఏ సంప్రదాయంలో లేదు? మనలో చాలామంది మామ్మల ముంజేతులమీద, గడ్డంమీద పచ్చని చుక్కలు చూసి పెరిగినవాళ్ళమే. ఎరుకల స్త్రీలు సోది చెబుతూ, పచ్చబొట్లు పొడుస్తూ ఊరూరా తిరిగేవారు. చుక్కలు, తేలు, మొగుడి పేరు, దేవుడి పేరు, ఎవరికి ఏది కావలిస్తే అది పొడిచేవారు. నొప్పికి ఓర్చుకోవడమే పిల్లకు ఒక పరీక్ష. ఒంటిమీది నగలన్నీ పోయినా ఇదొక్కటి కూడా వస్తుందని ముసలమ్మలు చెప్పుకునేవారు.

ఆదిలాబాద్ అడవుల్లోకి వెళితే ఇంకో విశేషం కనబడుతుంది. అక్కడ తోటి అనే చిన్న తెగ ఉంది. తోటి మగవాళ్ళు రాజ్‌గోండుల వంశగాథలు పాడే గాయకులు, కిక్రి అనే తీగల వాద్యాన్ని కమానుతో వాయిస్తారు. తోటి ఆడవాళ్ళు పచ్చబొట్లు పొడవడంలో నేర్పరులు. అంటే ఒకే ఇంట్లో మగవాడి చేతిలో కమాను, ఆడదాని చేతిలో సూది. ఒకరు గోండుల చరిత్రను చెవికి అందిస్తే మరొకరు చర్మానికి అందించారు. పాటకూ పచ్చబొట్టుకూ పడదని వాళ్ళతో అంటే నవ్వుతారు.

"అది జానపదం, ఇది శాస్త్రీయం" అంటారా? శాస్త్రీయంలోకే వద్దాం. శ్రీవైష్ణవులలో పంచసంస్కారాలు పొందినవారికి రెండు భుజాలమీద శంఖచక్రాల ముద్రలు కాల్చి వేస్తారు. మాధ్వులకూ తప్తముద్రా ధారణం ఉంది. పచ్చబొట్టయితే సూదితో, ఇదైతే నిప్పుతో. ఒంటిమీద ఉత్తరీయం మాత్రమే వేసుకుని గుడి మండపంలో పాడే భాగవతారు భుజాన ఆ ముద్ర కనబడితే ఎవరైనా ముఖం చిట్లిస్తారా? చేతులు జోడిస్తారు. కాబట్టి శాస్త్రీయ సంగీతకారుడి ఒంటిమీద చెరగని గుర్తు కనబడడం మనకు కొత్తా కాదు, నిషిద్ధమూ కాదు. ఫలానా గుర్తు అయితే పూజ్యం, ఫలానా గుర్తు అయితే అడ్డం. తేడా చర్మంలో లేదు. ఆ గుర్తు ఎవరి ఇంటినుంచి వచ్చిందన్నదాంట్లో ఉంది.

ఈ మాటకు చరిత్రలో ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. దేవుడికి అంకితమిచ్చిన స్త్రీలకు, బసివులు మొదలైనవారికి, అలాంటి శంఖచక్ర ముద్రలే భుజాలమీద వేసేవారని 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాల సంపుటాలలో నమోదైంది. గుడిలో ఆడిపాడడానికి అంకితమైనదానికి ఆ ముద్రే ఉద్యోగపు ఉత్తర్వు. అదే ముద్ర, ఒక తరం తిరిగేసరికి కళంకం అయి కూర్చుంది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకితాన్ని చట్టంతో నిషేధించింది. 1988లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసింది. ఆ ఆచారం వెనకనున్న దోపిడీ పోవలసిందే, అందులో మాకు సందేహం లేదు. కాని ఆచారంతోపాటు ఆ స్త్రీలను కూడా వేదికమీదనుంచి తుడిచేశాం. పదాలూ జావళీలూ ఎవరి గొంతుల్లో బతికాయో వాళ్ళను దించి, ఆ పదాలనే "మర్యాదస్తుల" పిల్లలకు నేర్పించాం. సంగీతం ఉంచుకున్నాం, ఆ చేతులు వద్దనుకున్నాం.

బెంగుళూరు నాగరత్నమ్మ గారిని తలచుకోకుండా ఈ విషయం ముగియదు. ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేయించి, అశ్లీలమన్న అపవాదు, ప్రభుత్వ నిషేధం రెండూ ఎదుర్కొన్నది ఆమె. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి దిక్కులేక పడి ఉంటే, 1920లలో తన సొంత సొమ్ముతో మందిరం కట్టించింది కూడా ఆమే. అప్పట్లో అక్కడి ఆరాధనోత్సవాల్లో ఆడవాళ్ళు పాడడానికి వీల్లేదు. గుడి కట్టిన మనిషికి ఆ గుడి ముందు పాడే హక్కు లేదు. ఆమె ఆడవాళ్ళను కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ కలిశాక గాని ఆ పేచీ తీరలేదు. ఆమె సంగీతంలో లోపం ఉందని ఎవరూ అన్నట్టు లేదు. పాటను ఎవరి ఒళ్ళు పాడుతోంది అన్నదే అప్పటి ప్రశ్న. ఇప్పటి ప్రశ్నా అదే జాతిదని మా అభిప్రాయం. నాగరత్నమ్మ గారు ఎదుర్కొన్నదానికీ ఈ కాలపు పిల్ల సరదాగా పొడిపించుకున్న బొమ్మకూ బరువులో పోలిక లేదు. పోలిక ఉన్నదల్లా పరీక్షించేవారి తీరులోనే.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఈ సంగతి ఎలా నడిచిందో చూడడం ఉపయోగం. 1980లో జర్మనీలోని మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందానికి ట్రాంబోన్ కళాకారుల పరీక్ష తెర వెనకనుంచి జరిగింది. అందులో నెగ్గిన అభ్యర్థి తెర తీసి చూస్తే ఆడమనిషి, ఆబీ కోనంట్. "శ్రీయుత కోనంట్ గారికి" అని ఆహ్వానం పంపినవాళ్ళే, రెండేళ్ళు తిరక్కుండా ఆమెను ప్రధాన స్థానంనుంచి దించారు. ఆమె 1993దాకా కోర్టుల చుట్టూ తిరిగి గెలిచింది. తెర ఉన్నంతసేపూ ఆమె మొనగత్తె, తెర తీయగానే ఆడది. అమెరికాలో 1970, 80లలో తెర వాడడం పెరిగాక వాద్యబృందాలలో స్త్రీల సంఖ్య పెరిగింది; ఆ పెరుగుదలకు తెర కూడా ఒక కారణమని క్లాడియా గోల్డిన్, సిసిలియా రౌజ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2000లో వాదించారు. ఆ గోల్డిన్ గారికే 2023లో నోబెల్ బహుమతి వచ్చింది. తెర వెనక ఆడా మగా తేడా తెలియదు, నలుపు తెలుపు తేడా తెలియదు, పచ్చబొట్టూ తెలియదు.

మనకూ అలాంటి తెర ఒకటి ఉంది. దాని పేరు ఆకాశవాణి. 1950లలో కేస్కర్ గారు మంత్రిగా ఉండగా కళాకారులందరికీ ఆడిషన్ పెట్టినప్పుడు పెద్ద విద్వాంసులు "మాకు పరీక్షలా" అని మండిపడ్డారు. వారి కోపం అర్థం చేసుకోదగినదే. కాని ఆ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. పరీక్షకులు మనిషిని చూడరు, పాట వింటారు. బి, బి-హై, ఏ, టాప్ అని శ్రేణి ఇస్తారు. పల్లెటూరి పిల్లకూ పట్నపు పిల్లకూ మైకు ఒకటే. 1948లో విజయవాడ కేంద్రం వచ్చాక మన ఊళ్ళలో రేడియో ముందు కూర్చున్నవాళ్ళు ఎవరి చెయ్యి చూశారు? పొద్దున్నే భక్తిరంజని వింటూ కాఫీ తాగినవాళ్ళకు పాడేవారి చీర రంగుతో పనిలేదు. తెలుగువాళ్ళ చెవి అలా తయారయింది. కంటిని కాసేపు పక్కన పెట్టడం మనకు చేతకాని పని కాదు.

వాయిద్యం విషయంలో, మతం విషయంలో కూడా చెవి గెలిచిన ఉదాహరణలు మనవాళ్ళలోనే ఉన్నాయి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని వేదికెక్కితే, అదేం వాద్యమని పెదవి విరిచినవాళ్ళున్నారు. ఆ పిల్లవాడు వాయించడం మొదలుపెట్టాక ఆ మాట మానేశారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ గారు శ్రీరంగంలో స్థిరపడి నాగస్వరంమీద త్యాగరాజ కృతులు వాయించారు; 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. "చూశారా, ప్రతిభ ఉంటే ఏదీ అడ్డం కాదు" అని కొందరు ఈ ఉదాహరణలతో వాదం ముగిస్తారు. మాకు అక్కడే అభ్యంతరం. అడ్డంకిని దాటడానికి శ్రీనివాస్ అంత ప్రతిభ కావాలంటే, మామూలు ప్రతిభ ఉన్న పిల్ల గతి ఏమిటి? పచ్చబొట్టు లేని మామూలు గాయకులకు మనం వేదిక ఇస్తూనే ఉన్నాం గదా. ఒకరికి మామూలుగా పాడితే చాలు, ఇంకొకరు అద్భుతంగా పాడితే గాని చాలదు అంటే, తక్కెడలో ఎక్కడో రాయి ఉన్నట్టే.

ఎదుటి పక్షంవారి మాట కూడా వినాలి. అందులో బలం లేకపోలేదు. పాటకచేరీ మనకు వినోదం మాత్రమే కాదు, కొంత పూజ కూడా. పూజకు కూర్చునేవాడు శుభ్రంగా, నలుగురి కంటికి ఇంపుగా ఉండాలని కోరడం తప్పా? తప్పు కాదు. ముతక మాటలు రాసిన చొక్కా వేసుకుని త్యాగరాజ కృతి పాడితే మేమూ ఇబ్బంది పడతాము. కాని చొక్కా రేపు విప్పవచ్చు, చర్మం విప్పలేం. విప్పగలిగినదానికి నియమం పెట్టడం మర్యాద నేర్పడం. విప్పలేనిదానికి నియమం పెట్టడం మనిషినే గడప బయట నిలబెట్టడం.

రెండో అభ్యంతరం: ఆ గుర్తు ఏం చెబుతోందో చూడవద్దా? చూడాలి. దీనికి 2012లో జర్మనీలోని బైరాయిట్‌లో జరిగింది పెద్ద పాఠం. యెవ్‌గెని నికితిన్ అనే రష్యన్ గాయకుడు అక్కడి వాగ్నర్ ఉత్సవంలో 'ఫ్లయింగ్ డచ్‌మన్' ప్రధాన పాత్ర పాడవలసి ఉంది. ఉత్సవం ఇంకా కొద్ది రోజులుందనగా, అతను కుర్రతనంలో రాక్ బృందంలో ఉన్నప్పటి పాత చిత్రం టీవీలో వచ్చింది. ఛాతీమీద నాజీల స్వస్తికం లాంటి గుర్తు కనబడింది. హిట్లరు ఆదరించిన ఉత్సవం అది. ఆ గతాన్ని కడుక్కోవడానికి వాళ్ళు దశాబ్దాలుగా తంటాలు పడుతున్నారు. తనకు ఆ భావాలు లేవనీ, అది కుర్రతనపు పొరపాటనీ చెప్పి నికితిన్ తప్పుకున్నాడు. మరుసటి సంవత్సరమే న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో 'పార్సిఫాల్'లో పాడాడు. బైరాయిట్ వేదికమీద ఆ చొక్కా విప్పవలసిన పని కూడా లేదు. అయినా ఆ గుర్తు లక్షలాదిమంది చావును తలపింపజేస్తుంది గనక అభ్యంతరం న్యాయమే అంటాము. అలాగే కులాన్ని దూషించే గుర్తు, మతాన్ని వెక్కిరించే మాట పొడిపించుకుని వచ్చినవాణ్ణి మనమూ నిలదీయవచ్చు. అయితే అప్పుడు కూడా మనం అడిగేది "పచ్చబొట్టు ఎందుకుంది" అని కాదు, "ఎదుటివాణ్ణి ఎందుకు అవమానిస్తున్నావు" అని. మణికట్టుమీద తంబూరా ఎవరిని అవమానిస్తుంది?

మూడోది నాట్యం సంగతి. ఇక్కడ మా అభిప్రాయం కొంచెం వేరు. గాయకుడికి గొంతు వాద్యం. నర్తకికి ఒళ్ళే వాద్యం. కూచిపూడిలో యశోద చేతులు చాచి కృష్ణుణ్ణి పిలుస్తూ ఉంటే ఆ ముంజేతిమీద రోమన్ అంకెల్లో ఎవరి పుట్టినరోజో కనబడితే, పాత్ర చెదురుతుంది. అది నైతిక ప్రశ్న కాదు, వేషధారణ ప్రశ్న. ఆహార్యం అనేది అందుకే ఉంది. రంగు పూసి కప్పుకుంటే సరిపోతుంది. అవసరమైనంతసేపు కప్పుకోవడం వేరు, సిగ్గుపడి దాచుకోవడం వేరు. మొదటిది కళ కోసం, రెండోది భయం కోసం. గాయనికి కూడా పొడుగుచేతుల రవిక, నాలుగు గాజులు చాలు అనే సలహా మేము వింటున్నాము. అమ్మాయికి ఇష్టమైతే మంచి సలహాయే. ఇష్టం లేకపోతే ఆ గాజులు సంకెళ్ళు.

మనం అతిథులుగా ఉన్న ఈ దేశపు మర్యాద కూడా ఒకటుంది. ఇస్లాం చెరగని పచ్చబొట్టును కాదంటుంది, గోరింటాకును ఔనంటుంది. ఇక్కడివారి మనసు నొప్పించకుండా నడుచుకోవడం మన ధర్మం. మాల్‌లోనో ఆఫీసులోనో మోచేతులదాకా బొమ్మలతో తిరగదలచినవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకోవడం మంచిది. అయితే ఈ గడ్డకూ పచ్చబొట్టు పరాయిది కాదు. ఇస్లాంకు ముందటి మహాకవి తరఫా తన ప్రసిద్ధ కావ్యాన్ని మొదలుపెట్టిందే పచ్చబొట్టు పోలికతో. ఏ జాతిని తవ్వినా అడుగున ఎక్కడో ఒక పచ్చని చుక్క కనబడుతుంది కాబోలు.

ఇక మూడో ప్రశ్న. ఎవరు ఏం చెయ్యాలి?

పిల్లలకు ముందుగా చెప్పవలసింది చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఆగమనాలి. శుభ్రంలేని సూదితో హెపటైటిస్ బి, సి వంటి జబ్బులు వస్తాయనీ, ఇండియాలో అయితే వేయించుకున్న ఏడాదిదాకా రక్తదానానికి పనికిరారనీ చెప్పాలి. ఇరవయ్యేళ్ళప్పటి ఇష్టం నలభయ్యేళ్ళప్పుడు ఉండకపోవచ్చుననీ, లేజరు రబ్బరు కాదనీ చెప్పాలి. సంగీతంలో దీనికి ధర చెల్లించవలసి రావచ్చుననీ దాచకుండా చెప్పాలి. ఆ టీచరు గారు చేసింది అదే. వాన వస్తుందని చెప్పినవాడు వాన కురిపించినవాడు కాదు. పిల్లను ప్రేమించే గురువు గొడుగు తీసుకెళ్ళమనే చెబుతుంది.

కాని మనం? మనం ఎప్పుడూ వాన గురించి చెప్పేవాళ్ళమే అనుకుంటాం. "మాకేం అభ్యంతరం లేదండీ, జనం ఏమనుకుంటారో అని" అంటాం. దుబాయ్‌లో పెరిగే తెలుగు పిల్లకు జనం అంటే ఎవరు? ఉగాదికి పాడించేది మన సంఘం. త్యాగరాజ ఆరాధనకు పేర్లు ఎంపిక చేసేది మన కమిటీ. సంక్రాంతికి ఇండియానుంచి విద్వాంసులు వస్తే వాళ్ళ ముందు ఏ పిల్లను కూర్చోబెట్టాలో తేల్చేది మనలో నలుగురం. మద్రాసు సంగతి మద్రాసు చూసుకుంటుంది. అక్కడిదాకా వెళ్ళేముందు ఆ పిల్ల ఎక్కవలసిన మొదటి మూడు మెట్లూ మన చేతిలో ఉన్నాయి. 'అవకాశాలు' అని మనం అంటున్నది ఆకాశంనుంచి ఊడిపడదు. శుక్రవారం సాయంత్రం ఒక ఫ్లాటులో టీ తాగుతూ మనం రాసే పేర్ల జాబితాయే అది. నలుగురూ ఏమంటారో అని భయపడే మనమే ఆ నలుగురం.

అంచేత కమిటీవారికి ఒక సూచన చేస్తున్నాము. రాబోయే ఆరాధనకు పిల్లలను ఎంపిక చేసేటప్పుడు పాట రికార్డు చేసి పంపమందాం. పేరు తీసేసి అంకె వేద్దాం. సంగీతం తెలిసిన ముగ్గురు విని మార్కులు వేస్తారు. ఎవరి నాన్నగారు ఎంత చందా ఇచ్చారో, ఎవరి అమ్మాయి ఏ రంగు ఉందో, ఎవరి మణికట్టుమీద ఏముందో వినేవాళ్ళకు తెలియదు. ఖర్చు లేదు, కష్టం లేదు. పచ్చబొట్టు ఉన్న పిల్ల బాగా పాడకపోతే రానక్కర్లేదు. అప్పుడు ఎందుకు రాలేదో ఆమెకు తెలుస్తుంది, ఇంటికి పోయి సాధన చేసుకుంటుంది. బాగా పాడితే వస్తుంది. వేదికమీద ఆమె తాళం వేస్తున్నప్పుడు ముందు వరుసలో ఎవరైనా చెయ్యి చూసి గుసగుసలాడితే, పక్కన కూర్చున్నవాళ్ళం "పాట వినండి" అని నెమ్మదిగా అందాం. అంతకంటే పెద్ద సంస్కరణ ఏదీ మేము కోరడం లేదు.

దీనికి ఒప్పుకోనివారు ఉంటే, ఎందుకు ఒప్పుకోరో వచ్చే నెల పత్రికకు రాయవలసిందిగా కోరుతున్నాము. రాసిపెట్టిన కారణానికి జవాబు చెప్పవచ్చు. చెప్పని కారణానికే ఎవరూ జవాబు చెప్పలేరు.